ధరలకు కళ్లెం వేస్తే ముందు కూలేది చిన్న సంస్థలే: బ్రిటన్ విద్యుత్ మార్కెట్ అనుభవం

2021 జులై నుంచి 2022 మే వరకు బ్రిటన్‌లో ఇళ్లకు కరెంటు, గ్యాస్ అమ్మే సంస్థలు ముప్పైకి చేరువలో మూతపడ్డాయి. వాటి వినియోగదారుల ఇళ్లు దాదాపు 40 లక్షలు. ఆ ఇళ్లలో సరఫరా మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు. కూలిన సంస్థల ఖాతాలను నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ వేరే కంపెనీలకు బదలాయించింది. కూలినవాటిలో అన్నిటికంటే పెద్దదైన బల్బ్‌ను ప్రభుత్వం తన సొమ్ముతో ప్రత్యేక పాలనాధికారుల చేతుల్లో నడిపించింది. మూతపడిన వాటిలో అత్యధికం అంతకుముందు పదేళ్లలో పుట్టుకొచ్చిన చిన్న స్వతంత్ర సంస్థలు. టోకు మార్కెట్లో గ్యాస్ ధర విపరీతంగా పెరగడమే ఇందుకు కారణమని అప్పట్లో అందరూ చెప్పారు. అది నిజమే కానీ సగం నిజం. కొనుగోలు ధర పెరిగినంత మాత్రాన ఏ వ్యాపారమూ కూలిపోదు, పెరిగిన ఖర్చును అమ్మకపు ధరలో రాబట్టుకునే వీలు లేనప్పుడే కూలుతుంది. ఆ వీలు లేకుండా చేసింది ప్రభుత్వం విధించిన గరిష్ఠ ధర పరిమితి. పెద్ద కంపెనీల దోపిడీ నుంచి ప్రజలను కాపాడటానికి తెచ్చిన ఆ పరిమితి, ఆ పెద్ద కంపెనీలకు పోటీగా నిలిచిన చిన్న సంస్థలనే ముందుగా ఎలా దెబ్బతీసిందో అర్థం చేసుకోవాలంటే సరఫరా వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి.

బ్రిటన్‌లో కరెంటు ఉత్పత్తి చేసేది ఒకరు, తీగల ద్వారా చేరవేసేది మరొకరు, ఇంటి యజమానికి బిల్లు పంపేది ఇంకొకరు. ఈ మూడో వర్గాన్నే సరఫరాదారులంటారు. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు వీరివి కావు. టోకు మార్కెట్లో విద్యుత్తును, గ్యాస్‌ను కొని, తీగల కంపెనీలకు రుసుము చెల్లించి, ప్రభుత్వ పథకాల కింద కట్టవలసిన వాటాలు కట్టి, మిగిలిన దానితో సిబ్బందిని పోషించుకుంటూ నడిచే వ్యాపారమిది. 1980, 1990 దశకాల్లో జరిగిన ప్రైవేటీకరణ తర్వాత ఈ రంగం క్రమంగా ఆరు పెద్ద కంపెనీల చేతుల్లోకి చేరింది. బ్రిటిష్ గ్యాస్, ఈడీఎఫ్, ఇ.ఆన్, ఎన్‌పవర్, స్కాటిష్ పవర్, ఎస్ఎస్ఈ అనే ఈ ఆరింటినీ కలిపి ‘బిగ్ సిక్స్’ అనేవారు. వీటిలో ఎక్కువ వాటికి సొంత విద్యుత్ కేంద్రాలో, మాతృసంస్థల అండో ఉండేవి. టోకు ధర పెరిగితే సరఫరా విభాగం నష్టపోతుంది, కానీ ఉత్పత్తి విభాగం లాభపడుతుంది. ఒక జేబులో పోయింది ఇంకో జేబులోకి వస్తుంది. చిన్న స్వతంత్ర సరఫరాదారుకు ఉన్నది ఒకటే జేబు.

ఈ తేడా 2013లోనే చర్చకు రావలసింది. ఆ ఏడాది సెప్టెంబరు 24న బ్రైటన్‌లో జరిగిన లేబర్ పార్టీ మహాసభలో నాటి నాయకుడు ఎడ్ మిలిబాండ్, 2015 ఎన్నికల్లో తాము గెలిస్తే గ్యాస్, కరెంటు ధరలను 20 నెలల పాటు పెరగనివ్వబోమని ప్రకటించారు. మరుసటి రోజు బ్రిటిష్ గ్యాస్ మాతృసంస్థ సెంట్రికా షేర్లు, ఎస్ఎస్ఈ షేర్లు పడిపోయాయి. పెద్ద కంపెనీలు పెట్టుబడులు ఆగిపోతాయని హెచ్చరించాయి, పత్రికలు ఆ వాదోపవాదాలతోనే నిండిపోయాయి. అప్పటికి మార్కెట్లో అతి తక్కువ వాటా ఉన్న చిన్న సంస్థల సంగతి ఆ గోలలో ఎవరికీ పెద్దగా పట్టలేదు. లేబర్ పార్టీ తన ప్రణాళికలో ఉత్పత్తి విభాగాన్ని, సరఫరా విభాగాన్ని వేరు చేయాలని, టోకు కొనుగోళ్లన్నీ బహిరంగ వేదిక మీద జరగాలని కూడా ప్రతిపాదించింది. చిన్నవారికి నిజంగా మేలు చేయగలిగిన భాగం అదే. కానీ ఓటర్ల మనసులో నిలిచింది ధరల స్తంభన ఒక్కటే.

ఆ తర్వాత జరిగింది ఆలోచింపజేస్తుంది. 2014 మార్చిలో ఎస్ఎస్ఈ తనంతట తానే 2016 జనవరి వరకు ధరలు పెంచబోమని ప్రకటించింది. అందుకోసం సుమారు 500 ఉద్యోగాలు తగ్గించుకుంది, సముద్రపు పవన విద్యుత్ ప్రాజెక్టులు కొన్నింటి నుంచి వెనక్కి తగ్గింది. దాదాపు రెండేళ్ల పాటు ధర మార్చనని మాట ఇవ్వగలిగే స్తోమత ఒక పెద్ద కంపెనీకి ఉంటుందని దీనితో తేలింది. ఇంతలో టోకు ధరలు పడిపోవడం మొదలైంది. ధరలు తగ్గుతున్న కాలంలో స్తంభన అంటే వినియోగదారుకు రక్షణ కాదు, కంపెనీకి రక్షణ. అందుకే 2015 నాటికి లేబర్ పార్టీ తన మాటను సవరించుకుని, ధరలు తగ్గవచ్చు గానీ పెరగకూడదని వివరించవలసి వచ్చింది. ఆ తగ్గుదల కాలమే చిన్న సంస్థలకు స్వర్ణయుగం. పెద్ద కంపెనీలు ఒకటి రెండేళ్ల ముందే ఎక్కువ ధరకు కుదుర్చుకున్న ముందస్తు కొనుగోలు ఒప్పందాలతో చిక్కుకుని ఉండగా, చిన్నవి ఏ నెలకా నెల చౌకగా కొని తక్కువ బిల్లు చూపించి వినియోగదారులను ఆకట్టుకున్నాయి. 2018 నాటికి సరఫరా సంస్థల సంఖ్య సుమారు 70కి చేరింది. ముందస్తుగా కొనకపోవడమే వాటి బలంగా కనిపించింది. ధర దిశ మారిన రోజున అదే ఉరితాడయింది.

ఇప్పుడు అసలు పరిమితి విషయానికి వద్దాం. పోటీ ఉన్నా కంపెనీ మారని పాత వినియోగదారుల నుంచి పెద్ద కంపెనీలు అధికంగా వసూలు చేస్తున్నాయని, ఆ అదనపు భారం ఏడాదికి సుమారు 140 కోట్ల పౌండ్లు ఉంటుందని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2016లో లెక్కగట్టింది. ఆ ఆగ్రహం నుంచి 2018లో కన్జర్వేటివ్ ప్రభుత్వం తెచ్చిన చట్టం పుట్టింది. 2019 జనవరి 1 నుంచి, ప్రత్యేక ఒప్పందం లేకుండా మామూలు టారిఫ్‌లో ఉన్న ఇళ్లకు వేయదగ్గ గరిష్ఠ ధరను ఆఫ్‌జెమ్ నిర్ణయిస్తోంది. సగటు వాడకం ఉన్న ఇంటికి తొలి పరిమితి ఏడాదికి 1,137 పౌండ్లు. పేరుకు ఇది స్తంభన కాదు, ఖర్చుల ఆధారంగా అప్పట్లో ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరించిన పరిమితి. కానీ ఒకసారి ప్రకటించాక ఆరు నెలల పాటు అది కదిలేది కాదు. టోకు ధర గంటగంటకూ మారే మార్కెట్లో ఆరు నెలలు కదలని పరిమితి, ఆ ఆరు నెలల మేరకు స్తంభనే.

2021 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన పరిమితిని ఉదాహరణగా తీసుకుంటే లెక్క స్పష్టంగా కనబడుతుంది. సగటు ఇంటికి ఏడాదికి 1,277 పౌండ్లు. అందులో టోకు కొనుగోళ్లకు కేటాయించిన భాగం సుమారు 530 పౌండ్లు. మిగిలిన దాంట్లో తీగల రుసుము, పర్యావరణ, సంక్షేమ పథకాల వాటా, నిర్వహణ ఖర్చులు, 5 శాతం పన్ను పోగా సరఫరాదారుకు లాభంగా అనుమతించింది 1.9 శాతం, అంటే ఇంటికి సుమారు 23 పౌండ్లు. ఇక ఆ 530 ఎక్కడి నుంచి వచ్చింది? రాబోయే నెలల సరఫరాకు ముందుగానే బేరాలు కుదిరే ముందస్తు మార్కెట్లో ఫిబ్రవరి నుంచి జులై వరకు నడిచిన ధరల సగటు నుంచి వచ్చింది. అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో జరిగిన పెరుగుదల ఆ లెక్కలో లేనే లేదు. ఏడాది మొదట్లో థర్మ్‌కు (గ్యాస్‌ను కొలిచే ప్రమాణం) 50 పెన్సుల (వంద పెన్సులు ఒక పౌండు) ప్రాంతంలో ఉన్న గ్యాస్ ధర, కొత్త పరిమితి అమల్లోకి వచ్చిన వారం తిరగకుండానే ఒక దశలో 400 పెన్సులు దాటింది. బ్రిటన్‌లో కరెంటు ధరను చాలా గంటల్లో నిర్ణయించేది గ్యాస్ కేంద్రాలే కాబట్టి కరెంటు కూడా దాని వెంటే పరుగెత్తింది.

ఒక సంస్థ తన వినియోగదారులకు కావలసిన ఇంధనాన్ని ముందుగా కొనిపెట్టుకోలేదనుకుందాం. టోకు ధర లెక్కలో ఉన్నదానికి రెట్టింపు అయితే ఆ సంస్థకు ఒక్కో ఇంటి మీద ఏడాదికి 500 పౌండ్లకు పైగా నష్టం. ఒక ఇంటి మీద పోయినదాన్ని పూడ్చుకోవాలంటే మామూలు రోజుల్లో ఇరవైకి పైగా ఇళ్ల మీద వచ్చే లాభం కావాలి. లక్ష ఇళ్లు ఉన్న సంస్థ అయితే నెలకు సగటున 40 లక్షల పౌండ్లు చేతి నుంచి పెట్టుకోవాలి, చలికాలంలో ఇంకా ఎక్కువ. అప్పు ఇచ్చేవారు కూడా ఇదే లెక్క వేసుకుంటారు. తదుపరి ఏప్రిల్ దాకా ధర పెంచే దారి లేదని తెలిసిన సంస్థకు ఏ బ్యాంకు అప్పిస్తుంది?

ముందస్తుగా కొనవలసిందన్న విమర్శ న్యాయమైనదే. కానీ ముందస్తు కొనుగోలు అందరికీ ఒకే ఖర్చుతో దొరకదు. వచ్చే ఏడాదికి కరెంటు కొంటానని ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు అమ్మేవాడు పూచీకత్తు అడుగుతాడు, మార్కెట్ కదిలినప్పుడల్లా ఆ పూచీకత్తు సొమ్ము పెంచమంటాడు. గట్టి క్రెడిట్ రేటింగ్ ఉన్న పెద్ద కంపెనీకి ఇది కాగితం మీద హామీతో తీరిపోతుంది, చిన్న సంస్థ రొక్కం చూపించాలి. అందుకే చాలా చిన్న సంస్థలు ఏదో ఒక పెద్ద ట్రేడింగ్ కంపెనీ ద్వారా, అది పెట్టిన షరతులకు లోబడి కొనుక్కునేవి. పైగా ఎంత కొనాలన్నది కూడా తేలని ప్రశ్న. మామూలు రోజుల్లో ఏడాది ఒప్పందం ముగిసిన వినియోగదారుల్లో చాలామంది చౌక బేరం వెతుక్కుని వేరే కంపెనీకి వెళ్లిపోతారు కాబట్టి వాళ్ల కోసం ముందుగా కొనిపెట్టే పని ఉండదు. 2021 శరదృతువులో మార్కెట్లో ఉన్న ఏ కొత్త ఒప్పందం కన్నా ప్రభుత్వ పరిమితే చౌక. ఒప్పందం ముగిసినవారు ఎక్కడికీ కదలకుండా పరిమితి ధరలోకి జారుకున్నారు. ఎవరూ ఊహించనంత మంది, ఎవరూ కొనిపెట్టనంత ఇంధనం. గరిష్ఠ ధర పరిమితి వ్యాపారి ఆదాయాన్నే కాక, వినియోగదారు ప్రవర్తనను కూడా మార్చేస్తుందన్న ఈ సంగతిని విధానకర్తలు ముందుగా పట్టించుకుని ఉండవలసింది.

అలాగని కూలినవారందరినీ అమాయక బాధితులుగా చిత్రించడం నిజాయితీ అనిపించుకోదు. 2019 మధ్యలో నిబంధనలు బిగించేదాకా బ్రిటన్‌లో సరఫరా లైసెన్సు సంపాదించడం ఆశ్చర్యం కలిగించేంత సులువు. గట్టి మూలధనం చూపించనక్కర్లేదు. చాలా సంస్థలు వినియోగదారులు నెలనెలా ముందుగా కట్టే సొమ్ముతోనే వ్యాపారం నడిపేవి. వేసవిలో తక్కువ వాడి సమానంగా కట్టేవారి ఖాతాల్లో మిగిలే డబ్బు ఆ సంస్థలకు వడ్డీలేని అప్పుగా ఉపయోగపడేది. పునరుత్పాదక విద్యుత్ కోసం ఏడాదికొకసారి చెల్లించవలసిన బాకీ గడువు దగ్గరపడే ఆగస్టు, అక్టోబరు నెలల్లో ప్రతి ఏటా కొన్ని సంస్థలు మూతపడటం 2021 కన్నా ముందే పరిపాటి అయింది. నాటింగ్‌హామ్ నగర పాలక సంస్థ స్థాపించిన రాబిన్ హుడ్ ఎనర్జీ 2020లోనే, అంటే టోకు ధరలు అడుగంటి ఉన్న రోజుల్లోనే, చేతులెత్తేసింది. 5.8 లక్షల మంది వినియోగదారులతో కూలిన ఆవ్రో ఎనర్జీ వంటి సంస్థకు అంత పెద్ద బాధ్యత మోయగల పునాది ఉందో లేదో సకాలంలో పరీక్షించినవారే లేరు. పరిమితి లేకపోయినా వీటిలో కొన్ని నిలిచేవి కావు. అయితే పరిమితి ఒకటి ఉంచి, దాని కింద బతకడానికి కావలసిన మూలధనం అడగకుండా లైసెన్సులు పంచడం నియంత్రణ వ్యవస్థ చేసిన తప్పు. ఈ రెండూ కలిసినప్పుడే ఇంత పెద్ద కూలుడు సాధ్యమైంది.

2021 సెప్టెంబరులో నాటి వాణిజ్య మంత్రి క్వాసీ క్వార్టెంగ్ పార్లమెంటులో పరిమితి కొనసాగుతుందని, విఫలమైన సంస్థలను ఆదుకోబోమని స్పష్టం చేశారు. వినడానికి కఠినమైన, న్యాయమైన మాట. కానీ కూలిన సంస్థల ఖర్చు ఎక్కడికీ పోలేదు. వినియోగదారుల ఖాతాల్లో ఉన్న ముందస్తు సొమ్ముకు హామీ ఉంది, కట్టని బాకీలను ఎవరో ఒకరు కట్టాలి, హఠాత్తుగా వచ్చిపడిన ఇళ్ల కోసం కొత్త కంపెనీలు మండే ధరలకు ఇంధనం కొనాలి. బల్బ్‌ను మినహాయించి మిగిలిన 28 సంస్థల కూలుడు ఖర్చు సుమారు 270 కోట్ల పౌండ్లు, అంటే ఇంటికి సుమారు 94 పౌండ్లు అని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 జూన్‌లో తేల్చింది. ఈ సొమ్ములో ఎక్కువ భాగం స్టాండింగ్ ఛార్జి రూపంలో బిల్లుల్లోకి వచ్చింది. ఒక్క యూనిట్ వాడకపోయినా రోజూ కట్టవలసిన ఈ ఛార్జి కరెంటుకు 2022 ఏప్రిల్‌లో సగటున సుమారు 25 పెన్సుల నుంచి 45 పెన్సులకు ఎగబాకింది. పొదుపుగా వాడుకునే పేద వృద్ధురాలూ, పెద్ద బంగళా యజమానీ ఇందులో సమానంగా కట్టారు. చలికాలంలో ఆగిన ధర వసంతంలో, అంతకన్నా అన్యాయమైన రూపంలో తిరిగి వచ్చింది.

దీనికి భిన్నమైన స్తంభన ఏడాది తిరిగేలోపే అదే దేశంలో అమలైంది. ఉక్రెయిన్ యుద్ధంతో 2022 అక్టోబరు పరిమితి 3,549 పౌండ్లకు చేరనున్న తరుణంలో ప్రభుత్వం సగటు ఇంటి బిల్లును 2,500 పౌండ్ల దగ్గర ఆపింది. తేడా ఏమిటంటే, ఈసారి సరఫరాదారుకు రావలసిన సొమ్ముకూ వినియోగదారు కట్టే సొమ్ముకూ మధ్య అంతరాన్ని ఖజానా నుంచి సంస్థలకు చెల్లించింది. ఖర్చు భారీగానే అయింది, అది పన్నుల రూపంలో, అప్పు రూపంలో దేశం మీదే పడింది. కానీ పరిమితి ధర అంతకన్నా ఎంతో ఎక్కువగా ఉన్న ఆ చలికాలంలో 2021 నాటిలాగా సంస్థలు వరుసగా కూలిపోలేదు. ధర ఆపడం ఒక్కటే రెండు సందర్భాల్లోనూ ఉమ్మడి. ఆగిన ధరకూ అసలు ఖర్చుకూ మధ్య తేడా ఎవరి ఖాతాలో రాశారన్నదాని మీదే చిన్న సంస్థల ఉనికి ఆధారపడింది.

ఇంకో చిన్న ఉదాహరణ కూడా ఇక్కడ ప్రస్తావించదగ్గది. గుడ్ ఎనర్జీ, ఎకోట్రిసిటీ, గ్రీన్ ఎనర్జీ యూకే అనే మూడు సంస్థల పర్యావరణ హిత టారిఫ్‌లకు ఆఫ్‌జెమ్ మొదటి నుంచే పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చింది. మూడూ చిన్నవే, మూడూ 2021-22 సంక్షోభాన్ని దాటాయి. వాటికి సొంత పవన విద్యుత్ వనరులో, ఉత్పత్తిదారులతో దీర్ఘకాలిక ఒప్పందాలో ఉండటం, ధర కాస్త ఎక్కువైనా విడిచిపెట్టని వినియోగదారులు ఉండటం కూడా కారణాలే కాబట్టి మినహాయింపు ఒక్కటే కాపాడిందని చెప్పలేం. అయినా ఖర్చు పెరిగినప్పుడు ధర పెంచుకునే స్వేచ్ఛ ఉన్న చిన్న సంస్థ బతికి బయటపడిందన్న వాస్తవం మిగిలే ఉంటుంది.

ఇది బ్రిటన్‌కే ప్రత్యేకమైన కథ కాదు. కాలిఫోర్నియా 1996లో విద్యుత్ మార్కెట్‌ను తెరిచి, చిల్లర ధరలను మాత్రం స్తంభింపజేసింది. 2000లో టోకు ధరలు పేలాక అక్కడ ఏకంగా పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే దిగ్గజమే 2001 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో వినియోగదారులు స్వతంత్ర సరఫరాదారును ఎంచుకునే హక్కునే రాష్ట్రం నిలిపివేసింది.

తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్ పంపిణీ ఎక్కువగా ప్రభుత్వ డిస్కంల చేతిలో ఉంది కాబట్టి చార్జీలు పెంచకుండా ఆపినప్పుడు ఏ సంస్థా రాత్రికి రాత్రి మూతపడదు. నష్టం పేరుకుంటుంది, కొన్నేళ్లకు సర్దుబాటు చార్జీగా బిల్లులో దిగుతుంది. 2022-23 ఆర్థిక సంవత్సరపు ఖర్చు కింద ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 6 వేల కోట్ల రూపాయలకు పైగా వసూలుకు అనుమతిస్తే, ఆ వసూలు 2024 డిసెంబరులో మొదలైంది. చిన్న సరఫరా సంస్థ అనదగ్గది తెలంగాణలో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట ‘సెస్’. 1970లో ఏర్పడిన ఈ సంఘం పెద్ద డిస్కం నుంచి టోకున కరెంటు కొని ఇళ్లకు, మగ్గాలకు, పంపుసెట్లకు అందిస్తుంది. అది కొనే ధరనూ, అమ్మే ధరనూ నియంత్రణ మండలే నిర్ణయిస్తుంది. బ్రిటన్‌లో కూలిన సంస్థలకు లేనిది సరిగ్గా ఈ ఏర్పాటే. అక్కడ అమ్మే ధరకు తాళం వేసి, కొనే ధరను మార్కెట్‌కు వదిలేశారు.

సంక్షోభం తర్వాత ఆఫ్‌జెమ్ చేసిన మార్పులు చాలా ఉన్నాయి. 2022 అక్టోబరు నుంచి పరిమితిని మూడు నెలలకొకసారి సవరిస్తోంది, అంటే స్తంభన కాలం సగానికి తగ్గింది. ముందస్తుగా కొన్న సంస్థ వినియోగదారులను చౌక ధర చూపి లాక్కునే సంస్థ, ఆ నష్టంలో కొంత పరిహారంగా చెల్లించాలన్న నియమాన్ని 2022 ఏప్రిల్ నుంచి రెండేళ్లు అమలు చేసింది. ముందస్తు కొనుగోలును ప్రోత్సహించినా, ఆ నియమం చౌకగా అమ్మి ఎదిగే చిన్న సంస్థల పాత దారిని మూసేసింది. అన్నిటికన్నా బరువైనది మూలధన నిబంధన. 2025 మార్చి నుంచి ప్రతి సరఫరాదారు రెండు ఇంధనాలూ వాడే ఒక్కో ఇంటికి 115 పౌండ్ల చొప్పున మూలధనం ఉంచుకోవాలన్నది లక్ష్యం. యాభై వేల ఇళ్లున్న సంస్థకు అది 57.5 లక్షల పౌండ్లు. 2021 నాటి పరిమితిలో ఇంటికి అనుమతించిన లాభం సుమారు 23 పౌండ్లు కాబట్టి, ఆ 115 పౌండ్లు సమకూర్చుకోవడానికి ఐదేళ్ల లాభం మొత్తం పక్కన పెట్టాలి. 2023 అక్టోబరు నుంచి లాభపు వాటాను కొంత పెంచినా లెక్క పెద్దగా మారదు. ఈ నిబంధన వినియోగదారుల సొమ్ముతో జూదమాడే సంస్థలను బయటే ఆపుతుంది, అందుకు దాన్ని సమర్థించాలి. కానీ నిజాయితీగా, కొద్దిపాటి పెట్టుబడితో, ఒక నగరానికో ఒక ప్రాంతానికో సేవ చేయాలనుకునే కొత్త సంస్థ కూడా అదే గుమ్మం దగ్గర ఆగిపోతుంది. పరిమితి ఉన్నంత కాలం మూలధన నిబంధనను సడలించడం ప్రమాదం, మూలధన నిబంధన ఉన్నంత కాలం పెద్ద కంపెనీలకు కొత్త పోటీ పుట్టడం కష్టం. ఈ రెంటిలో దేన్ని వదులుకోవాలో బ్రిటన్ ఇంకా తేల్చుకోలేదు.